మీ వైద్య రికార్డులు కంప్యూటర్లో ఎక్కడ ఉన్నాయి?

ఈ వ్యాసం చదవడం ఆరంభించే ముందు ఒక చిన్న పని చేయమని కోరుతున్నాను. మీరు గానీ, మీ ఇంటిలోని పెద్దవారు గానీ చివరిసారి తీయించుకున్న ఈసీజీ ఎక్కడ ఉన్నదో వెతకండి. గడియారం చూసుకొని వెతకండి. అది దొరకదని నా అనుమానం కాదు. బీరువాలో బట్టల కింద ప్లాస్టిక్ కవరులోనో, ఫోనులోని రెండు వేల ఫోటోల మధ్యనో, కంప్యూటర్ తెర మీద ‘న్యూ ఫోల్డర్ 3’ అనే పేరు కిందనో దొరుకుతుంది. ఎంతసేపటికి దొరికింది, మీకు తప్ప ఇంకొకరికి దొరుకుతుందా అన్నవి మాత్రమే నా ప్రశ్నలు.

సాధారణంగా ఇక్కడ రక్తపోటు గురించో, మధుమేహం గురించో వ్రాస్తూ ఉంటాను. ఈసారి హార్డ్ డిస్కులోని ఫోల్డర్ల గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. నా దృష్టిలో ఇది కూడా ఆరోగ్య విషయమే. వైద్యుడు మీ ముందు కూర్చున్నప్పుడు ఈనాటి పరీక్ష ఎంత అవసరమో, నిన్నటి పరీక్ష కొన్ని సందర్భాలలో అంతకన్నా అవసరం. రక్తంలో క్రియాటినిన్ 2.1 ఉన్నదనుకోండి. రెండేళ్ల కిందట కూడా అంతే ఉంటే అది మెల్లగా నడుస్తున్న మూత్రపిండాల జబ్బు. మందులు, ఆహారం సరిచూసుకుంటూ పోవచ్చు. పోయిన నెలలో 1.0 ఉండి ఈరోజు 2.1 అయితే అది అత్యవసర పరిస్థితి. కాగితం మీద అంకె ఒకటే. దాని అర్థాన్ని నిర్ణయించేది పాత కాగితం. ఊపిరితిత్తిలో కనబడిన చిన్న గడ్డ విషయమూ ఇంతే. రెండేళ్లుగా పరిమాణం మారని గట్టి గడ్డను సాధారణంగా ప్రమాదం లేనిదిగా భావిస్తాము. పాత సీటీ లేకపోతే ఆ రెండేళ్ల లెక్క ఈరోజు నుంచి మొదలు పెట్టవలసి వస్తుంది.

నేను ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో, ఒక అర్ధరాత్రి, ఛాతీ పట్టేసినట్లున్నదని ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి తీసుకొని వచ్చారు. ఈసీజీలో ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ కనబడింది. గుండెలో విద్యుత్తు ప్రసరించే తీగలలో ఒకటి పనిచేయడం లేదని దాని భావం. అది కొత్తగా వచ్చినదైతే గుండె రక్తనాళం మూసుకుపోయినట్లే భావించి గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ ఇవ్వడం ఆనాటి పద్ధతి. ఆ మందు ప్రాణం నిలబెడుతుంది. అదే మందు నూటికి ఒకరికన్నా తక్కువ మందిలోనే అయినా మెదడులో రక్తస్రావం కలిగిస్తుంది. బ్లాక్ కొత్తదా, పాతదా? ఆయన భార్య ఏమీ అడగకముందే ఒక గుడ్డ సంచి బల్ల మీద పెట్టారు. అందులో ఎనిమిదేళ్ల నాటి ఈసీజీ ఉన్నది, సరిగ్గా అదే ఆకారంతో. పాతదైనంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. కానీ చేతిలోని సిరంజిని కాసేపు పక్కన పెట్టి రక్తపరీక్షలు, మరి రెండు ఈసీజీలు చూసే వ్యవధి మాకు దొరికింది. ఆ ఇంజెక్షన్ అవసరం లేకుండానే ఆయన మూడవ రోజున ఇంటికి వెళ్లారు.

ఆ తల్లికి చదువు పెద్దగా లేదు. ఏ కాగితం ఏ పరీక్షదో కూడా ఆమెకు తెలియదు. ఆయనకు సంబంధించిన ప్రతి కాగితమూ ఆ సంచిలో వేయాలి, ఆ సంచి తలుపు వెనుక కొక్కేనికే ఉండాలి అన్న నియమం మాత్రం తెలుసు. ఈనాడు మన రిపోర్టులు వాట్సాప్‌లోను, ఈమెయిల్‌లోను, సీడీలలోను వస్తున్నాయి. గుడ్డ సంచి స్థానంలో కంప్యూటర్ వచ్చింది. కొక్కెం మాత్రం రాలేదు.

ఆసుపత్రి వారి దగ్గర ఉంటాయి కదా అని కొందరు అంటారు. మన దేశంలో 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును వైద్యుడు చికిత్స ఆరంభమైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. అంటే మీ పదేళ్ల కిందటి ఆపరేషన్ కాగితం ఈరోజు వారి దగ్గర లేకపోతే అందులో తప్పేమీ లేదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021లో దేశమంతటా ఆరంభమై, 14 అంకెల ఆభా సంఖ్య చాలామందికి వచ్చింది. మంచిదే, తీసుకోండి. కానీ ఆ వ్యవస్థలో చేరిన ఆసుపత్రులు, ల్యాబులు జతపరిచిన రికార్డులే అందులో కనబడతాయి. 2009లో మీ ఊరి ల్యాబు వారు చేతితో వ్రాసి ఇచ్చిన చీటీ దానంతట అది అందులోకి వెళ్లి కూర్చోదు.

కాగితాలుగానే దాచుకుంటామంటారా? దాచుకోండి, కానీ ఈసీజీని నమ్మకండి. అది చాలా వరకు వేడికి నల్లబడే థర్మల్ కాగితం. కొన్నేళ్లలో గీతలు వెలిసిపోతాయి. జాగ్రత్త కోసమని లామినేషన్ చేయించేవారున్నారు. ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడి, ఈసీజీ అక్కడికక్కడే అంతర్ధానమవుతుంది. అల్ట్రాసౌండ్ బొమ్మలకూ ఇదే గతి పట్టవచ్చు. తీసిన వారంలోనే స్కాన్ చేయడమో, వెలుతురులో సూటిగా ఫోటో తీయడమో చేసి కంప్యూటర్లోకి ఎక్కించాలి.

ఇక కంప్యూటర్ దగ్గరకు వద్దాము. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో వచ్చిన తొలి డాస్‌లో ఫోల్డర్లే లేవు. ఫ్లాపీలో పట్టేది 160 కిలోబైట్లు. నాలుగు గిన్నెలున్న వంటింటికి అలమర ఎందుకు? 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో ఎక్స్‌టీ వచ్చినప్పుడు, దానితో పాటే వచ్చిన డాస్ 2.0లో డైరెక్టరీలు, వాటిలో ఉపడైరెక్టరీలు ప్రవేశించాయి. వస్తువులు పెరిగినప్పుడే అరలు అవసరమయ్యాయన్నమాట. ఈనాడు సామాన్యమైన ల్యాప్‌టాప్‌లో కూడా దానికి యాభై వేల రెట్లు చోటున్నది. మన అలవాటు మాత్రం ఫ్లాపీ నాటిదే. అన్నీ ఒకే చోట పోస్తాము.

హార్డ్ డిస్కు తెరిచినప్పుడు మీరు గ్రహించవలసినది ఒకటున్నది. అందులో కొన్ని ఫోల్డర్లు యంత్రానివి, కొన్ని మీవి. ‘విండోస్’, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’, దాని పక్కనే 32 బిట్ల ప్రోగ్రాముల కోసం మరొక ‘ప్రోగ్రామ్ ఫైల్స్’, కంటికి కనబడకుండా దాచి ఉంచిన ‘యాప్ డేటా’ - ఇవన్నీ యంత్రానివి. శరీరంలో కాలేయాన్ని మనం సర్దుకోము కదా, వాటినీ సర్దకూడదు. శుభ్రత మీద మక్కువతో ఒక ప్రోగ్రాము ఫోల్డరును ఇక్కడ నుంచి అక్కడికి జరిపితే ఆ ప్రోగ్రాము పనిచేయడం మానవచ్చు. అది ఎక్కడ ఉన్నదో విండోస్ తన రిజిస్ట్రీలో వ్రాసుకొని ఉంటుంది. మీరు జరిపిన సంగతి దానికి తెలియదు. అక్కరలేని ప్రోగ్రామును సెట్టింగ్స్ ద్వారా తొలగించాలే గాని, ఫోల్డరును చెరిపివేసి కాదు.

యంత్రం ఫోల్డర్లలో మీ వస్తువులను ఉంచకపోవడం అంతకన్నా ముఖ్యం. ఇక్కడ రెండు మోసాలున్నాయి. మొదటిది డెస్క్‌టాప్. అది కళ్ల ఎదుట ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా భద్రమైనదని తోస్తుంది. మామూలుగా అది కూడా సి డ్రైవ్‌లోనే, మీ పేరు మీద ఉన్న ఒక ఫోల్డరు మాత్రమే. విండోస్ పాడై, మరమ్మతు చేసేవారు సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే దానితో పాటే పోతుంది. నాకు తెలిసిన ఒక కుటుంబంలో తండ్రి క్యాన్సర్ చికిత్స కాగితాలన్నీ అలాగే పోయాయి. ఏ కీమోథెరపీ మందు మొత్తం ఎంత ఇచ్చారో చెప్పే కాగితం వాటిలో ఉన్నది. డాక్సోరుబిసిన్ వంటి మందులు జీవితకాలంలో ఇంత మోతాదు దాటితే గుండె కండరం దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ అంకె కోసం వారు రెండు ఊర్లు తిరిగారు.

రెండవ మోసం ప్రోగ్రాముల లోపల దాగిన లెక్కలు. ఇంటిలో చక్కెర చూసుకునే మీటరును, బీపీ యంత్రాన్ని కంప్యూటర్‌కు తగిలించి లెక్కలు దించుకొనేవారు మీలో ఉన్నారు. అందమైన గీతలు కనబడతాయి. కానీ ఆ లెక్కలను కొన్ని ప్రోగ్రాములు తమ సొంత ఫోల్డరులో, తమకే అర్థమయ్యే రూపంలో ఉంచుకుంటాయి. ఆ ప్రోగ్రాము పోతే మూడేళ్ల చక్కెర లెక్క దానితో పోవచ్చు. మూడు నెలలకొకసారి ఆ పట్టికను పీడీఎఫ్‌గా తీసి మీ ఫోల్డరులో వేసుకోండి. మీ వైద్యుడు కూడా ఆ పీడీఎఫ్‌నే చూడగలడు, మీ ప్రోగ్రామును కాదు.

కాబట్టి సి డ్రైవ్‌కు వెలుపల ‘మా ఆరోగ్యం’ అని ఒక్క ఫోల్డరు చేయండి. అందులో ఇంటిలోని ఒక్కొక్కరికీ ఒక ఫోల్డరు. ఆ లోపల ఏమి ఉండాలన్నది తేలికగా తెగే ప్రశ్న కాదు. వైద్య వృత్తిలోనే దీని మీద పెద్ద చర్చ నడిచింది. ఒకప్పుడు ఒక్కొక్క వైద్యుడు తన లెడ్జరులో తాను వ్రాసుకొనేవాడు. ఒకే రోగి నలుగురు వైద్యులను చూస్తే ఆయన చరిత్ర నాలుగు పుస్తకాలలో చెదిరి ఉండేది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో హెన్రీ ప్లమ్మర్ 1907లో ఆ పద్ధతిని మార్చి, ప్రతి రోగికీ ఒక సంఖ్య, ఆ సంఖ్య మీద ఒకే కవరు, అన్ని కాగితాలూ అందులోనే అన్న ఏర్పాటు తెచ్చారు. ఆ తరువాత 1968లో లారెన్స్ వీడ్ అనే వైద్యుడు, కాగితాలు ఒక చోట ఉంటే చాలదనీ, రోగికి ఉన్న సమస్యల వారీగా వాటిని అమర్చాలనీ వాదించారు. ఇద్దరూ గొప్పవారే. ఆసుపత్రిలో నేను వీడ్ పక్షం. ఇంటి కంప్యూటర్లో మాత్రం ప్లమ్మర్ పక్షం.

కారణం చెబుతాను. ‘గుండె’, ‘కిడ్నీ’, ‘షుగరు’ అని ఫోల్డర్లు చేసిన ఇళ్లను చూశాను. క్రియాటినిన్ రిపోర్టు ఎందులో వేయాలి? షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిన్నదేమోనని గుండె డాక్టరు వ్రాసిన పరీక్ష అది. వైద్యులమే తర్జనభర్జన పడే విషయం. ఇంటివారు ఒకసారి ఒక దానిలో, మరొకసారి మరొక దానిలో వేస్తారు. అదే కాగితం ఏ రకానిదో చూసి వేయడానికి వైద్యం తెలియనక్కరలేదు. రక్త, మూత్ర పరీక్షలు ఒక ఫోల్డరు. ఈసీజీలు, ఎకోలు ఒకటి. స్కాన్లు, ఎక్స్‌రేలు ఒకటి. మందుల చీటీలు ఒకటి. ఆసుపత్రిలో చేరినప్పటి డిశ్చార్జి కాగితాలు ఒకటి. ఐదు చాలు. అంతకన్నా లోతుకు అరలు తవ్వకండి. ఫోల్డరులో ఫోల్డరు, అందులో మరొక ఫోల్డరు - ఇది క్రమశిక్షణలా కనబడుతుంది గాని, అంబులెన్సు వీధిలో నిలబడి ఉన్నప్పుడు శత్రువు.

ఫైలు పేరులో తేదీ ముందుండాలి, అదీ సంవత్సరంతో మొదలై: ‘2024-03-09 క్రియాటినిన్’ అన్నట్లు. మనం మామూలుగా వ్రాసినట్లు 09-03-2024 అని పెడితే, పేర్ల వరుసలో అన్ని నెలల తొమ్మిదవ తేదీలూ ఒక చోట చేరతాయి. సంవత్సరం ముందుంటే కాలక్రమం దానంతట అదే ఏర్పడుతుంది. కంప్యూటర్ చూపే ‘మార్పు తేదీ’ని ఆధారం చేసుకోకండి, అది మీరు స్కాన్ చేసిన రోజు కావచ్చు, పరీక్ష జరిగిన రోజు కాదు. పేరులో ఏటవాలు గీత, కోలన్, ప్రశ్నార్థకం వాడితే విండోస్ ఒప్పుకోదు. తెలుగులో పేర్లు పెట్టవచ్చునా అని అడుగుతారు. నిరభ్యంతరంగా పెట్టవచ్చు, వెతికేవారికి ఏ భాష చప్పున చదవడం వస్తే ఆ భాషలో పెట్టండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల పేర్లు ఆంగ్ల అక్షరాలతో, అంకెలతో ఉండి అది ఎవరి రిపోర్టో చెప్పవు. పైగా ఫోటోగా పంపినప్పుడు బొమ్మను కుదించి పంపుతుంది కాబట్టి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. ల్యాబు వారిని పీడీఎఫ్ పంపమని అడగండి. పిల్లలు పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపమనండి. వచ్చిన రోజే పేరు మార్చి ఫోల్డరులో వేయడం అర నిమిషం పని. ఆరు నెలల తరువాత అదే అరపూట పని.

స్కాన్ సీడీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. సీటీ, ఎమ్మారై సీడీ తెరిస్తే ఒక ప్రోగ్రాము, కొన్ని వింత పేర్ల ఫోల్డర్లు, ‘డైకామ్‌డిర్’ అనే ఒక ఫైలు కనబడతాయి. డైకామ్ అనేది వైద్య చిత్రాల అంతర్జాతీయ ప్రమాణం. సీటీలో ఒక్కొక్క పొర ఒక్కొక్క ఫైలు. 512 చుక్కల వెడల్పు, 512 చుక్కల పొడవు, చుక్కకు రెండు బైట్లు, అంటే దాదాపు అర మెగాబైటు. మూడు వందల పొరల స్కాను 150 మెగాబైట్లు అవుతుంది. ఆ ఫైళ్లకు తరచుగా చివరన ఏ గుర్తూ ఉండదు కాబట్టి, ఇవేవో యంత్రానివని వదిలివేసి, బొమ్మ గుర్తున్న ప్రోగ్రామును మాత్రం కాపీ చేసుకుంటారు. అంటే కళ్లద్దాలు దాచి పుస్తకం పారవేయడం. ప్రోగ్రాము లేకపోయినా బాధ లేదు. డైకామ్ చిత్రాలను తెరిచే ఉచిత వ్యూయర్లున్నాయి, ఏ ఆసుపత్రిలోనైనా తెరుస్తారు. చిత్రాలు లేకపోతే ప్రోగ్రాముతో పని లేదు. ‘డైకామ్‌డిర్’ ఆ సీడీకి విషయసూచిక. ఏ చిత్రం ఏ ఫోల్డరులో ఉన్నదో అందులో వ్రాసి ఉంటుంది. అందుచేత సీడీలోనివన్నీ ఏమీ మార్చకుండా, ఏ పేరూ సవరించకుండా, ‘2022-11-20 మెదడు ఎమ్మారై’ అనే ఒకే ఫోల్డరులోకి దించండి. మనం పేరు పెట్టవలసినది బయటి ఫోల్డరుకు మాత్రమే. సీడీలు గీతలు పడి, బూజు పట్టి చదవరాకుండా పోతాయి. పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే ఉండటం లేదు, కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

ప్రతి మనిషి ఫోల్డరులో అన్నిటికన్నా పైన ఒక పేజీ ఉండాలి. దాని పేరు సున్నాతో మొదలు పెడితే ఫైళ్ల వరుసలో మొదట నిలబడుతుంది: ‘00 ముందు ఇది చదవండి’. పుట్టిన సంవత్సరం, పడని మందులు, ప్రస్తుతం వాడుతున్న మందులు మోతాదుతో సహా, జరిగిన ఆపరేషన్లు, గుండెలో స్టెంటు వేసి ఉంటే ఏ తేదీన, పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు నకలు, చూసే వైద్యుడి ఫోను నెంబరు. స్టెంటు తేదీ ఎందుకంటారా? మరేదైనా ఆపరేషన్‌కు ముందు రక్తం పలుచబరిచే మందును ఆపవచ్చునా లేదా అన్నది చాలా వరకు ఆ తేదీ మీద ఆధారపడి ఉంటుంది. పేస్‌మేకర్ కార్డు లేకుండా ఎమ్మారై గదిలోకి పంపరు. ఈ పేజీ కింద, చివరిసారి సవరించిన తేదీ వేయండి. తేదీ లేని మందుల జాబితా కన్నా జాబితా లేకపోవడమే నయమని కొన్నిసార్లు నాకనిపిస్తుంది. ఎప్పుడో ఆపివేసిన మందును మళ్లీ మొదలు పెట్టిన సందర్భాలున్నాయి. దీనిని అచ్చు వేయించి బీరువా తలుపు లోపల అంటించండి. కరెంటు లేని రాత్రులు కూడా ఉంటాయి.

ఒకే హార్డ్ డిస్కును రెండుగా విభజించి సి, డి అని పేర్లు పెట్టుకుంటాము. విండోస్ పాడైతే డి మిగలవచ్చు గాని, డిస్కే చెడిపోతే రెండూ పోతాయి. అది ఒక గదిలో కట్టిన రెండు అరలు మాత్రమే, రెండు ఇళ్లు కాదు. అందుచేత ‘మా ఆరోగ్యం’ మొత్తాన్ని వేరొక డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును వేరే ఇంటిలో ఉంచండి. మా నకలు మా అమ్మాయి ఇంటిలో ఉన్నది. సంక్రాంతికి, దసరాకు వచ్చినప్పుడు కొత్తవి కలిపి పంపుతాము. కంప్యూటర్‌ను మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఈ ఫోల్డరును తీసివేసి ఇవ్వండి. మానసిక వైద్యుని చీటీ, హెచ్‌ఐవీ పరీక్ష వంటివి బయటివారి కంట పడవలసినవి కావు. తాళం వేసుకోవడం మంచిదే. కానీ ఆ తాళం మాట ఇంటిలో ఇంకొకరికి తెలిసి ఉండాలి. స్పృహ లేని మనిషి పాస్‌వర్డు చెప్పలేడు.

మా ఇంటిలో ఈ పేర్లన్నీ నా భార్య పెట్టినవి. నాకు డెబ్బై దాటాయి, గుండెలో రెండు స్టెంట్లున్నాయి. అవసరం వచ్చిన రోజున ఈ ఫోల్డర్లు తెరిచేది నేను కాదు. ‘ఇన్వెస్టిగేషన్స్’ అని నేనంటే, ‘పరీక్షలు అనండి’ అన్నది. డిశ్చార్జి సమ్మరీలకు ‘ఆసుపత్రిలో పడుకున్నప్పుడు’ అని పేరు పెట్టింది. పోయిన ఆదివారం, నేను పక్క గదిలో ఉండి, 2016 నాటి తన థైరాయిడ్ రిపోర్టు తీయమన్నాను. కళ్లజోడు వెతుక్కున్న సమయంతో కలిపి రెండు నిమిషాలు పట్టింది. ఇంకా అటక మీద ఒక అట్టపెట్టె మిగిలి ఉన్నది, మా అత్తగారి కాగితాలవి. రోజుకు పది చొప్పున స్కాన్ చేస్తున్నాము.